మా మరదలు పెట్టిన మూడు కిటికీలు

మా ఆవిడ చెల్లెలిని ఇంటిల్లిపాదీ తాళాలగుత్తి అంటారు. ఆ పేరు పెట్టిన పాపం నాదే. ఇంటికి తాళం వేసి నాలుగడుగులు వేశాక వెనక్కి వచ్చి దాన్ని లాగి చూసే మనిషి ఆమె. లాగి చూశాక, గ్యాసు కట్టానా లేదా అని అనుమానం వచ్చి మళ్ళీ తాళం తీస్తుంది. ఆమెను వెంటబెట్టుకుని సినిమాకి వెళ్తే మొదటి పాట చూసే భాగ్యం నాకు ఎన్నడూ కలగలేదు. ఆ మాట మొహం మీదే అంటే, "రెండో పాటే బాగుంటుంది బావా, నడు" అంటుంది.

నా పెళ్ళినాటికి ఆమె పదేళ్ళ పిల్ల. జడ వేయించుకోవడానికి అక్క దగ్గరికి వచ్చి, నా రంగు డబ్బాల్లో వేళ్ళు ముంచి తిట్లు తినేది. అందుకే నన్ను ఇప్పటికీ నువ్వు అంటుంది. ఇంకెవరైనా అలా అంటే ఊరుకునే రకం కాదు నేను. నాది ముక్కు మీద కోపం. ఈ సంగతి దాచిపెట్టి ఆమె గురించి రాస్తే అన్యాయమవుతుంది, ఎందుకంటే ఆమె నాకు చేసిన మేలంతా ఆ కోపాన్ని దాటుకుని వచ్చి చేసిందే.

ఆమె ఒక బ్యాంకులో ఫోన్లు ఎత్తుతుంది. డబ్బు పోయినవాళ్ళు, కార్డు పోయినవాళ్ళు, ఏం పోయిందో కూడా తెలియనివాళ్ళు ఫోన్ చేస్తే జవాబు చెప్పే బల్ల ఆమెది. పదహారేళ్ళుగా అదే పని, అదే కుర్చీ. చెవులకు తగిలించుకునే పట్టీ ఒత్తుకుని ఒత్తుకుని నడినెత్తిన జుట్టు పలచబడింది. భర్త ఓడలో ఇంజన్ గది మనిషి, ఏడాదికి నాలుగు నెలలు ఇంట్లో ఉంటే గొప్ప. మిగతా ఎనిమిది నెలలూ ఆమె ఒక్కతే ఇల్లు చూసుకోవాలి. వంటగదిలో వరసగా ఐదు మేకులు, వాటికి ఐదు గుడ్డలు. గిన్నెలది గిన్నెలకే, బల్లది బల్లకే, అద్దానిది అద్దానికే. ఒకసారి నేను చేతులు కడుక్కుని అద్దం గుడ్డకు తుడుచుకున్నాను. "బావా, నూనె రంగులో ముంచిన కుంచెను తీసి నీళ్ళ రంగులో ముంచితే నువ్వు ఊరుకుంటావా?" అంది. ఊరుకోను. అందుకే ఆ గుడ్డను ఉతికి మళ్ళీ దాని మేకుకే తగిలించాను.

ఆ గుడ్డల పద్ధతినే ఆమె కంప్యూటర్లలోకి తీసుకొచ్చింది. దానికి కారణం ఒక ఫోను. రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన, ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటరులోనే అన్ని పనులూ చేసుకునేవాడట. మనవరాలి ఆటలు, కోడలి కొనుగోళ్ళు, ఆయన బ్యాంకు, అన్నీ ఒకే చోట. బ్రౌజరులో ఎవరో తగ్గింపు ధరలు చూపించే బుల్లి ప్రోగ్రాం ఒకటి ఎక్కించారు. అది ధరలతో పాటు ఆయన్నీ చూస్తూ కూర్చుంది. ఆయన జీవితమంతా టికెట్లు కొట్టి దాచుకున్నది ఒక్క పూటలో ఊడ్చుకుపోయింది. "తల్లీ, ఇప్పుడు నేనేం చేయాలి?" అని నలభై నిమిషాలు అడిగాడట. చేతులు కాలాయి, పట్టుకోవడానికి ఆకులు కూడా లేవు. ఫిర్యాదు నంబరు రాసుకోమని చెప్పడం తప్ప ఆమె చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఫోను పెట్టేసి, బాత్రూంలోకి వెళ్ళి, కుళాయి తిప్పి ఏడ్చిందట.

ఆ వారం నుంచి సెలవు రోజున బంధువుల ఇళ్ళకు తిరగడం మొదలుపెట్టింది. ఎవరూ పిలవరు, అయినా వస్తుంది. టీ తాగుతుంది, కప్పు తనే కడిగి పెడుతుంది, "ఏదీ, కంప్యూటరు తియ్యండి" అంటుంది. "పేరంటానికి వచ్చినట్టు రాలేవా ఎప్పుడైనా?" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

నేను రంగుల మేస్త్రీని. షేడు మేస్త్రీ అంటేనే నలుగురికీ తెలుస్తుంది. కొత్త గోడకు రంగు వేయడం ఎవడికైనా వచ్చు, కంపెనీ కార్డు మీద నంబరు చూసి డబ్బా తెచ్చుకుంటే చాలు. ఆరేళ్ళ కింద వేసిన గోడకు మధ్యలో ఒక ముక్క అతుకు వేయాలంటే మాత్రం ఏ కార్డూ పనికిరాదు. ఎండ తగిలి, చేతులు తగిలి ఆ రంగు మారిపోయి ఉంటుంది. అప్పుడు కన్నే కార్డు. కాస్త నలుపు, రవంత పసుపు కలిపి, గోడ మూల చిటికెడు రాసి, ఆరాక పగటి వెలుతురులో పక్కనుంచి చూసి, మళ్ళీ కలిపి... ముప్పై నాలుగేళ్ళుగా నాకు కూడు పెట్టింది ఆ విద్యే.

కొటేషన్లు పంపడానికి నేనూ ఒక కంప్యూటరు కొన్నాను. తాళాలగుత్తి ఊరుకుంటుందా? మర్నాటి సెలవుకే దిగింది.

"కుకీలు అని ఉంటాయి బావా. అవి చీటీలు అనుకో. నువ్వు ఒక సైటుకి వెళ్తే వాడు నీ జేబులో ఒక చీటీ పెడతాడు. మళ్ళీ వెళ్ళినప్పుడు అది చూసి నిన్ను గుర్తుపడతాడు."

"మంచిదేగా. గుర్తుపట్టే కొట్టువాడే మర్యాదగా మాట్లాడతాడు."

"ఆ చీటీ ఇంకొకడి చేతిలో పడితే? వాణ్ణి చూసి నువ్వే అనుకుని లోపలికి రమ్మంటాడు. పైగా కొన్ని చీటీలు నువ్వు వెళ్ళిన కొట్టువాడివి కూడా కావు. పక్కన నిలబడి, నువ్వు ఎక్కడెక్కడ తిరుగుతున్నావో రాసుకునేవాళ్ళవి."

"వాళ్ళ మొహం మండా!" అన్నాను.

"అందుకే, ఒక్కో పనికి ఒక్కో ప్రొఫైలు."

ఒకే బ్రౌజరులో మూడు పెట్టింది. ఒకదాని సంగతి ఇంకొకదానికి తెలియదట. ఏది తెరిస్తే దాని విండో పై అంచు దాని రంగులో కనబడుతుంది. విండో అని ఆమె అంటుంది గానీ నేను కిటికీ అనే అంటాను, జీవితమంతా కిటికీలకు రంగులేసినవాణ్ణి. నారింజ కిటికీ ఇంటి పనులకు, అంటే మా ఆవిడ పాటలకు, కుట్టు డిజైన్లకు. ఆకుపచ్చది నా పనికి. నీలం ఒక్క బ్యాంకుకు. నీలంలో బయటివాళ్ళ చీటీలు రాకుండా ఆపేసింది. మూయగానే ఉన్న చీటీలన్నీ తుడిచిపెట్టుకుపోయేలా చేసింది. పాస్‌వర్డు గుర్తుపెట్టుకోవద్దని దానికి చెప్పింది.

"నేనే గుర్తుపెట్టుకోవాలన్నమాట. నా ఇంటి తలుపే నన్ను రోజూ ఎవరు నువ్వని అడుగుతుంది."

"అడగనీ బావా. అడగని తలుపు ఎవరికైనా తెరుచుకుంటుంది. బ్యాంకు పనికి నీలం తప్ప ఇంకోటి ముట్టుకోకు, నా మీద ఒట్టు" అని, నా చేత ఒట్టు వేయించుకునే దాకా లేవలేదు.

మరుసటి సెలవుకి వచ్చి కూర్చుని, నేను ఎక్కడెక్కడికి వెళ్ళానో చూసింది. ఆకుపచ్చ కిటికీలో బ్యాంకు కనబడింది. "పొరపాటు బావా?" అంది. పొరపాటే అన్నాను. అంతా తుడిచింది. ఆ తర్వాతి సెలవుకీ అంతే. ఈసారి మా ఆవిడ వైపు ఒక చూపు చూసి తుడిచింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. నేను తెరిచింది నీలమే. నాకు తెలియదా?

ఆ రోజుల్లోనే పిల్లల ఆసుపత్రి పని నడుస్తోంది. ఆరేళ్ళ కిందట ఆ పొడుగు వరండాకు లేత నీలం వేసింది నేనే. ఇప్పుడు కొత్త వైర్లు లాగడానికి గోడ నిండా గండ్లు కొట్టారు. గండ్లు పూడ్చి, లప్పం పెట్టి, పాత రంగులో కలిసిపోయేలా అతుకులు వేయాలి. వరండా మూసేసి మొత్తం వేయడానికి వీల్లేదు, పిల్లలు తిరుగుతుంటారు. ఒక చివర నాలుగు అతుకులు వేశాను. ఇంజనీరు వచ్చి దగ్గర నుంచి చూశాడు, గేటు దాకా వెళ్ళి మళ్ళీ చూశాడు.

"మేస్త్రీ, ఇవి కప్పు కింద నిలబడితే కనబడుతున్నాయి, గేటు దగ్గర నిలబడినా కనబడుతున్నాయి."

"కనబడవు సార్. ఆరితే కలిసిపోతుంది."

"ఆరి మూడు రోజులైంది. మిమ్మల్ని పిలిచేదే మీ కంటి కోసం. ఇంకోసారి ఇలా అయితే నేను వేరేవాళ్ళను చూసుకుంటాను, ఏమీ అనుకోవద్దు."

ఏమీ అనుకోకుండా ఎలా ఉంటాను? నేరుగా రంగుల కొట్టుకు వెళ్ళి, మిషను మీద రంగులు కలిపే అతని మీద పడ్డాను. "నీకు కళ్ళున్నాయా? ఇది నేను అడిగిన రంగేనా?" అని పదిమంది ముందు దులిపేశాను. అతను డబ్బా మూత చూపించి ఏదో చెప్పబోతే వినలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఆ రోజు నాకు గుర్తురాలేదు.

ఆ కోపం ఇంకా చల్లారకముందే మూడో సెలవు రోజు వచ్చింది, తాళాలగుత్తీ వచ్చింది. మళ్ళీ ఆకుపచ్చలో బ్యాంకు. అంతటితో పోలేదు. రంగుల ధరలు తగ్గింపుగా చూపిస్తుందని నేను ఆ కిటికీలో ఏదో బుల్లి ప్రోగ్రాం ఎక్కించాను. దాన్ని చూడగానే ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బావా, కండక్టరు గారి ఇంట్లో ఉన్నదీ ఇలాంటిదే."

"నేను నీలంలోనే చేశానంటే నమ్మవేం?"

ఆమె రెండు కిటికీలు తెరిచి పక్కపక్కన పెట్టింది. "సరే. ఇందులో నీలం ఏది?"

చూశాను. ముందుకు వంగి చూశాను. రెండు అంచులూ ఒకే మసక రంగులో ఉన్నాయి. "రెండింటికీ ఒకే రంగు పెట్టి నన్ను పరీక్షలు పెడుతున్నావా?" అన్నాను.

మా ఆవిడ వంటింట్లోంచి తడి చేతులతో వచ్చింది. తెర వైపు, నా వైపు చూసింది. "ఏమండీ... అది ఆకుపచ్చ, ఇది నీలం" అంది, మెల్లగా.

నా తల తీసేసినట్టయింది. ఆ మీదట నేనేం మాట్లాడానో రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. తెర పాడైందన్నాను. ఇద్దరూ కలిసి నాటకమాడుతున్నారన్నాను. "ఫోన్లు ఎత్తుకునేదానివి, నాకు రంగులు నేర్పుతావా? ముప్పై నాలుగేళ్ళ విద్య నాది. మా ఇంటికి ఇంకెప్పుడూ రాకు" అన్నాను. చిన్నప్పుడు నా పక్కన కూర్చుని తిన్న పిల్లను పట్టుకుని ఆ మాట అన్నాను.

ఆమె కదల్లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని అంతా విన్నది. నాకు ఊపిరి అందక ఆగినప్పుడు, బ్యాంకులో మాట్లాడే గొంతుతో, "ఇంకేమైనా ఉందా, చెప్పండి, వింటున్నాను" అంది.

ఇంకేమీ లేదు. కూలబడ్డాను.

"అరిచేవాళ్ళందరూ భయపడ్డవాళ్ళే బావా. పదహారేళ్ళుగా రోజూ వింటున్నాను. నీకు ఎప్పటినుంచి భయం?"

మా ఆవిడే చెప్పింది. "ఏడాది దాటిందే. ఒక కాలికి నల్లది, ఒక కాలికి నీలంది మేజోళ్ళు వేసుకుని పనికెళ్ళేవారు. అప్పట్నుంచి నేనే జతచేసి పెడుతున్నాను. చెబితే అరుస్తారని..."

అరుస్తానని. కట్టుకున్న మనిషి ఏడాదిపాటు నా మేజోళ్ళు జతచేసింది గానీ, నాతో ఒక్క మాట అనడానికి భయపడింది. ఆ మాట నన్ను ఇంజనీరు మాట కన్నా ఎక్కువ కోసింది. నిజం చెప్పాలంటే, నాకూ తెలుసు. సాయంత్రమయ్యేసరికి దీపాల చుట్టూ వలయాలు కనబడటం, తెల్ల సున్నం పసుపుపచ్చగా అనిపించడం, అన్నీ తెలుసు. షేడు మేస్త్రీకి చూపు పోయిందని నలుగురికీ తెలిస్తే ఇంక పిలిచేదెవరు? నాకు ఇంకో పని రాదు. గోడ తప్ప నాకు ఏమీ తెలియదు. అదే చెప్పాను, తల వంచుకుని.

తాళాలగుత్తి ముందు ఆ ప్రోగ్రాం పీకేసింది, చీటీలు తుడిచింది, పాస్‌వర్డు మార్పించింది. అదృష్టం బాగుండి ఖాతాలో ఏమీ కదల్లేదు. తర్వాత తన ఫోను తీసి, కంటి డాక్టరమ్మ దగ్గర ఎల్లుండికి సమయం తీసుకుంది. ఆ రోజు తను సెలవు పెట్టింది కూడా. నన్ను అడిగిందా? లేదు. అడిగితే నేనేమంటానో ఆమెకు తెలుసు.

డాక్టరమ్మ నా కళ్ళలోకి దీపం వేసి చూసి, "శుక్లాలు. రెండు కళ్ళకూ బాగా ముదిరాయి. ఇన్నాళ్ళూ పసుపు అద్దం వెనక నుంచి చూస్తున్నారు మీరు. నీలం ముందు పోతుంది" అంది. ఇదేమీ కొంపలు మునిగే జబ్బు కాదని, చిన్న ఆపరేషన్ చేసి కంట్లో కటకం మారిస్తే సరిపోతుందని చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే మళ్ళీ భయం పట్టుకుంది. కత్తి అటూ ఇటూ అయితే?

"అవ్వదని రాసిస్తారా?" అని డాక్టరమ్మను అడిగేశాను. తాళాలగుత్తి నా మోచెయ్యి గిల్లింది.

బయటికి వచ్చాక, ముందు ఇంజనీరుకు నిజం చెప్పమంది. నేను ససేమిరా అన్నాను. "దాచిపెడితే ఇంకో నాలుగు అతుకులు తప్పుగా వేస్తావు, పని ఎలాగూ పోతుంది. చెబితే పోవచ్చు, పోకపోవచ్చు. ఏది మేలు?" అంది. లెక్క చెప్పినంత తేలికగా చెప్పింది. ఆసుపత్రి దాకా నాతో వచ్చి, నేను మాట్లాడుతున్నంతసేపూ బయట బెంచీ మీద కూర్చుంది. ఇంజనీరు విని, పెన్ను మూత పెట్టి, తీసి, "వైర్ల పని ఇంకా నెలన్నర పడుతుంది. అప్పటికి రాగలిగితే రండి. ఆ తర్వాత నేను ఆగలేను" అన్నాడు.

ముందు కుడి కన్ను చేశారు. మర్నాడు కట్టు విప్పారు. గది గోడ కనబడింది. తెల్లగా ఉంది. ఎంత తెల్లగా అంటే, ఎవరో ఇప్పుడే వేసి వెళ్ళారేమో అనుకున్నాను. కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూస్తే అదే గోడ పాత కాగితం రంగులో ఉంది. అలా ఒక కన్ను మూస్తూ ఒకటి తెరుస్తూ ఎంతసేపు చూశానో. నర్సు కట్టుకున్న ముదురు నీలం బట్టలు చూసి, "అమ్మా, ఇది నీలమే కదూ?" అని అడిగాను. ఆమె అవునంటే కళ్ళనీళ్ళు ఆగలేదు. కంటి మందు పాడవుతుంది ఏడవకండి అని కేకలేసింది.

మూడు వారాలకు ఎడమ కన్నూ అయింది. డాక్టరమ్మ ఇక పని చేసుకోవచ్చన్న రోజున మొట్టమొదట రంగుల కొట్టుకే వెళ్ళాను. ఆనాడు నాకు కలిపిచ్చిన రంగులో మిగిలినదాన్ని ఒక డబ్బాలో ఇంకా ఉంచాడు అతను. మూత తీసి చూశాను. నేను అడిగిన రంగే, రవ్వంత తేడా లేదు. దాన్ని తీసుకెళ్ళి, గోడకు సరిపోలేదనుకుని అందులో నలుపు గుమ్మరించింది నేను. పదిమంది ముందు తిట్టాను కాబట్టి పదిమంది వచ్చేదాకా ఆగి, తప్పు నాదని చెప్పాను. అతను మొహమాటపడి, "అయ్యో, పోనివ్వండి మేస్త్రీ" అంటూ స్టూలు లాగి వేశాడు.

ఆసుపత్రికి వెళ్ళి నేను వేసిన నాలుగు అతుకులు చూశాను. అబ్బా! గోడకు బురద చేతులు తుడిచినట్టున్నాయి. అంత పని చేసి, ఆరితే కలిసిపోతుందని ఇంజనీరుతో వాదించానా నేను? వాటిని గీకేసి మొదటి నుంచి మొదలుపెట్టాను. పదకొండు రోజులు పట్టింది. ఒక్కో అతుకుకు ఒక్కో రంగు, ఎందుకంటే కిటికీ పక్క గోడ వేరే, మెట్ల పక్క గోడ వేరే. కలిపి, రాసి, ఆరనిచ్చి, పక్కనుంచి చూసి, మళ్ళీ కలిపి... ఆ పదకొండు రోజులూ నాకు కోపం రాలేదని మా ఆవిడ అందరికీ చెబుతోంది.

పని ముగిసిన రోజు ఇంజనీరు అటు నుంచి ఇటు నడిచి, కాగితం మీద సంతకం పెట్టి, పైఅంతస్తు వరండా కూడా ఎప్పుడు మొదలుపెడతారని అడిగాడు. అతను వెళ్ళాక తాళాలగుత్తి వచ్చింది. డ్యూటీ దిగి నేరుగా వచ్చింది, భుజాన సంచీ అలాగే ఉంది.

"ముప్పై ఒక్క అతుకులు వేశాను. ఒక్కటి చూపించు చూద్దాం" అన్నాను.

ఆమె మొదటి నుంచి మొదలుపెట్టింది. ముక్కు తగిలేంత దగ్గరగా చూసింది, దూరం జరిగి చూసింది. ఫోను వెలుతురు వేసి పక్కనుంచి చూసింది. అరచెయ్యి గోడకు ఆనించి మెల్లగా నడిచింది. చివరిదాకా వెళ్ళి, వెనక్కి వచ్చింది. నేను మధ్యలో నిలబడి ఆమెనే చూస్తున్నాను. నా పని పోకుండా నిలబెట్టిన మనిషి, నేను ఇంట్లోంచి పొమ్మన్నా పోని మనిషి.

"లేవు బావా."

"ఉన్నాయి."

"ఏవీ మరి?"

ఆమె చెయ్యి పట్టుకుని, స్విచ్చి పక్కన గోడ మీద పెట్టాను. "ఇక్కడొకటి" అన్నాను. తర్వాతిది చూపించడానికి ఆ చెయ్యి వదలకుండానే ముందుకు నడిచాను.